హెన్రీ మొయిసాన్ - గాజును తినే తేజాబుతో పోరాడిన శాస్త్రజ్ఞుడు

తేజాబ్ అనే మాట వింటేనే మనకు భయం వేస్తుంది. ఇంట్లో ఉర్దూలో తేజాబ్ అన్నా, బడిపుస్తకంలో ఆమ్లం అన్నా, బజారులో యాసిడ్ అన్నా అంతా ఒకటే. బ్యాటరీలో పోసే గంధకామ్లం, కంసాలి బంగారం శుద్ధి చేయడానికి వాడే నత్రికామ్లం, స్నానాల గదులు కడిగే ఉదహరికామ్లం మనకు తెలిసినవే. ఇవి గాఢంగా ఉన్నప్పుడు చర్మానికి తగిలితే మంట పుడుతుంది. ఆ మంటే మనిషిని హెచ్చరిస్తుంది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంటాము, నీళ్లకోసం పరుగెత్తుతాము.

కానీ తగిలిన వెంటనే మండకుండా, దొంగలాగ చప్పుడు చేయకుండా చర్మంలోకి దిగి, ఎముక దాకా పోగల తేజాబ్ ఒకటి ఉన్నది. దాని పేరు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. పైన చెప్పిన ఆమ్లాలను గాజుసీసాలో పోసి దాచవచ్చు. ఇది ఆ గాజుసీసానే తినేస్తుంది.

ఈ ఆమ్లంలో దాగిన ఫ్లోరిన్ అనే మూలకాన్ని విడదీయడానికి యూరప్ శాస్త్రజ్ఞులు డెబ్బై ఏళ్లకు పైగా పాటుపడ్డారు. కొందరు ఆరోగ్యం పోగొట్టుకున్నారు, కొందరు ప్రాణాలే ఇచ్చారు. చివరకు 1886లో ఆ పని సాధించినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన హెన్రీ మొయిసాన్. ఆయన జీవితం ఒక విజయగాథ మాత్రమే కాదు. ప్రమాదకరమైన వస్తువుతో మనిషి ఎలా మెలగాలో నేర్పే పాఠం కూడా. ప్రయోగశాలల్లో చదువుకునే మన పిల్లలకూ, కార్ఖానాల్లో పనిచేసే మన యువకులకూ ఈ పాఠం నేటికీ అవసరమే.

పేదింటి కుర్రవాడు

మొయిసాన్ 1852 సెప్టెంబరు 28న పారిస్ నగరంలో పుట్టాడు. తండ్రి రైల్వే కంపెనీలో చిన్న ఉద్యోగి. తల్లి బట్టలు కుట్టి సంసారానికి చేదోడుగా ఉండేది. 1864లో ఆ కుటుంబం మో అనే చిన్న పట్టణానికి మారింది. హెన్రీ అక్కడి బడిలోనే చదివాడు. యూనివర్సిటీలో చేరాలంటే కావలసిన అర్హత పరీక్ష పాసు కాకుండానే 1870లో బడి మానేయాల్సి వచ్చింది. ఇంట్లో డబ్బు లేదు. గడియారాల పని నేర్చుకోవడానికి ఒకరి దగ్గర చేరాడు. అంతలో ప్రష్యాతో యుద్ధం వచ్చింది. కుటుంబం తిరిగి పారిస్ చేరింది, ఆయన కొంతకాలం సైన్యంలో ఉన్నాడు.

యుద్ధం తర్వాత పారిస్‌లో ఒక మందుల దుకాణంలో పనికి కుదిరాడు. అక్కడ ఉండగా 1872లో పాషాణం మింగిన ఒక మనిషిని కాపాడాడు. విషం ఏమిటో, దాని విరుగుడు ఏమిటో తెలిసినవాడు పక్కన ఉంటే ఒక ప్రాణం నిలుస్తుందని ఆ కుర్రవాడు కళ్లారా చూశాడు. తర్వాతి రోజుల్లో ఆయన విషశాస్త్రం బోధించే ప్రొఫెసరు అయ్యాడంటే, ఆ దారికి మొదటి అడుగు ఈ దుకాణంలోనే పడిందనుకోవచ్చు.

పగలు పని, మిగిలిన వేళ చదువు. మొదట ఎడ్మండ్ ఫ్రెమీ ప్రయోగశాలలోనూ, ఆ తర్వాత దెహెరాఁ అనే శాస్త్రజ్ఞుని దగ్గరా పని నేర్చుకున్నాడు. ఒకసారి తప్పిన అర్హత పరీక్షను 1874లో పాసయ్యాడు. 1879లో ఫార్మసీ పట్టా, 1880లో డాక్టరేటు వచ్చాయి. 1882లో లియోనీ ల్యూగాన్ అనే ఆవిడను పెళ్లాడాడు. మామగారు మో పట్టణంలో మందుల వ్యాపారి. అల్లుడు సంపాదన కోసం వేరే కొలువు చూసుకోకుండా పరిశోధన సాగించుకొనేందుకు ఆయన ధనసహాయం చేశాడు. ఇలాంటి మామ దొరకడం అదృష్టం కాక మరేమిటి!

ఒక ఆమ్లం - ఎందరో బాధితులు

ఇక మొయిసాన్ తలకెత్తుకున్న పని ఎలాంటిదో చూద్దాం.

ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం ఒకటి ఉన్నది. లోహాలు కరిగించేవారు కొలిమిలో ముడిఖనిజం తేలికగా కరగడానికి దాన్ని వేసేవారు. 1771లో స్వీడన్ దేశపు కార్ల్ షీలే ఈ ఖనిజాన్ని గంధకామ్లంతో కలిపి వేడిచేస్తే కొత్త ఆమ్లం ఒకటి ఆవిరిగా వచ్చింది. ఆ ఆవిరి తగిలి గాజుపాత్ర లోపలంతా అరిగిపోయింది. ఈ ఆమ్లంలో ఎవరికీ తెలియని మూలకం ఉన్నదని తర్వాత ఫ్రాన్సుకు చెందిన ఆంపియర్ ఊహించి, ఇంగ్లండులోని హంఫ్రీ డేవీకి తెలియజేశాడు. డేవీ 1813లో ప్రయత్నించి, జబ్బుపడి మానుకున్నాడు. ఫ్రాన్సులో గేలుసాక్, థెనార్ అనే ఇద్దరు గాఢమైన ఆమ్లం తయారుచేసి, దాని కాటు ఎలాంటిదో రుచిచూశారు.

ఐర్లండులో నాక్స్ సోదరులు ఇద్దరు 1836 ప్రాంతంలో ఫ్లోర్‌స్పార్‌తోనే పాత్ర తయారుచేసి పనిచేశారు. ఆలోచన మంచిదే, కానీ పాత్ర బయటికి వచ్చే ఆవిరినుండి తమను తాము కాపాడుకోలేకపోయారు. ఒకాయన చావు తప్పించుకున్నాడు, రెండో ఆయన కోలుకోవడానికి ఇటలీలోని నేపుల్స్‌లో మూడేళ్లు గడపవలసి వచ్చింది. బెల్జియం శాస్త్రజ్ఞుడు లూయెట్, ఫ్రాన్సులోని నాన్సీ పట్టణానికి చెందిన నిక్లే ఇద్దరూ ఈ విషానికే బలి అయ్యారు. మొయిసాన్ గురువైన ఫ్రెమీ నీటిచుక్క లేని శుద్ధమైన ఆమ్లం తయారుచేయగలిగాడు గాని, అందులో కరెంటు పారదని తెలిసి ఆగిపోయాడు.

అసలు ఎందుకింత కష్టం? ఫ్లోరిన్ తనకు తగిలిన దేనితోనైనా కలిసిపోవాలని చూసే మూలకం. విడదీసిన మరుక్షణమే పాత్రతోనో, నీటితోనో, గాలిలోని తేమతోనో కలిసిపోతుంది. దాన్ని బయటికి తీయడం ఒక ఎత్తు, నిలబెట్టడం మరో ఎత్తు.

గెలిచింది జాగ్రత్త

మొయిసాన్ 1884లో ఈ పనికి పూనుకున్నాడు. మొదట భాస్వరంతో, పాషాణంతో ఫ్లోరిన్ కలిసిన పదార్థాలను తీసుకొని వాటినుండి ఫ్లోరిన్‌ను వేరుచేయాలని చూశాడు. ఒకటి ఫలించలేదు. రెండోది మరీ విషం. ఈ రెండేళ్లలో విషవాయువుల వల్ల ఆయన నాలుగుసార్లు పని ఆపి మంచం పట్టాల్సి వచ్చింది. మొండికేసి ఆ దారినే పోయి ఉంటే లూయెట్, నిక్లేల పేర్ల పక్కన ఆయన పేరూ చేరేది. ఆయన దారి మార్చుకున్నాడు.

తిరిగి ఫ్రెమీ వదిలిన చోటికి వచ్చాడు. శుద్ధమైన ఆమ్లంలో కరెంటు పారదు కదా, అందులో పొటాషియం ఫ్లోరైడ్ లవణం కలిపితే పారుతుందని గ్రహించాడు. ఇక పాత్ర సంగతి. గాజు పనికిరాదు. ప్లాటినం, ఇరిడియం కలిసిన లోహంతో ఇంగ్లీషు యు అక్షరం ఆకారంలో గొట్టం చేయించాడు. దాని మూతులకు బిరడాలు కావాలి. రబ్బరూ బెండూ నిలవవు. ఫ్లోర్‌స్పార్ ఖనిజాన్నే చెక్కి బిరడాలు చేశాడు. ఎందుకంటే ఆ ఖనిజం కాల్షియం ఫ్లోరైడ్. ఫ్లోరిన్ కాల్షియంతో అప్పటికే గట్టిగా కలిసి ఉన్నది కాబట్టి దాన్ని కొత్తగా తినడానికి ఏమీ మిగల్లేదు. ఈ కాల్షియం మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని ఉన్నది.

ఇంకొక జాగ్రత్త చలి. శుద్ధమైన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పందొమ్మిదిన్నర డిగ్రీల సెంటిగ్రేడుకే మరుగుతుంది. అంటే మన ఊళ్లో ఎండాకాలం మూత తీస్తే పొయ్యి అక్కర లేకుండానే ఆవిరై గదంతా నిండుతుంది. నాక్స్ సోదరులను దెబ్బతీసింది ఈ ఆవిరే. అందుకని మొయిసాన్ తన గొట్టాన్ని మిథైల్ క్లోరైడ్ అనే ద్రవంలో ఉంచి, సున్నాకు దిగువ 23 డిగ్రీలదాకా చల్లబరిచాడు. ఆవిరి తగ్గింది, ప్రమాదమూ తగ్గింది.

1886 జూన్ 26న కరెంటు పారించగానే గొట్టం ఒక కొసన వాయువు వచ్చింది. దానికి సిలికాన్ ముక్క చూపిస్తే భగ్గున మండింది. అంతకుముందు మనిషి చూసిన ఏ వాయువూ అలా చేయలేదు. రెండురోజుల తర్వాత ఈ వార్త ఫ్రెంచి సైన్స్ అకాడమీకి అందింది.

అకాడమీవారు నిజానిజాలు తేల్చడానికి పెద్దలను పంపారు. వారిలో ఫ్రెమీ కూడా ఉన్నాడు. వాళ్లు వచ్చి కూర్చున్నారు. మొయిసాన్ కరెంటు పెట్టాడు. ఏమీ రాలేదు! గురువుగారి ముందు తల దించుకోవలసిన పరిస్థితి. తర్వాత ఆలోచిస్తే అసలు సంగతి తెలిసింది. పెద్దలు వస్తున్నారని ఆమ్లాన్ని మరీ శ్రద్ధగా శుద్ధి చేశాడు. కరెంటు పారడానికి కావలసిన లవణం అందులో లేకుండా పోయింది. కావలసినంత లవణం కలిపి మళ్లీ చేశాడు, ఫ్లోరిన్ వచ్చింది. తాను ఓడిపోయిన చోట శిష్యుడు గెలవడం చూసే భాగ్యం ఫ్రెమీకి దక్కింది.

తర్వాతి జీవితం

అదే ఏడు మొయిసాన్ పారిస్ ఫార్మసీ కళాశాలలో విషశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1891లో అకాడమీ సభ్యుడయ్యాడు. 1892లో విద్యుత్ కొలిమి తయారుచేశాడు. అంతవరకు కరగని లోహాలెన్నో అందులో కరిగాయి. 1893లో అమెరికాలో పడిన ఒక ఉల్కాశకలాన్ని పరీక్షిస్తూ సిలికాన్ కార్బైడ్ స్ఫటికాలను గుర్తించాడు. ఆ ఖనిజాన్ని ఆయన పేరుమీదనే మొయిసనైట్ అంటున్నారు. నేడు వజ్రానికి బదులుగా ఉంగరాల్లో పొదుగుతున్న రాయి ఇదే, కాకపోతే కార్ఖానాలో తయారుచేస్తారు. 1897లో ఇంగ్లండులోని జేమ్స్ డ్యూయర్‌తో కలిసి ఫ్లోరిన్‌ను ద్రవరూపంలోకి తెచ్చాడు. ఖరీదైన ప్లాటినం బదులు రాగిపాత్ర వాడవచ్చని కూడా ఆయనే చూపాడు. రాగిమీద పలచని పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. 1900లో సోర్బాన్ యూనివర్సిటీకి మారాడు.

1906లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ శాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి ఫ్రెంచివాడు ఆయనే. కానీ ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. స్టాక్‌హోం నుండి తిరిగి వచ్చిన కొద్దివారాలకే అపెండిసైటిస్ వ్యాధితో 1907 ఫిబ్రవరి 20న కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 54 ఏళ్లు. ఒక్కగానొక్క కొడుకు లూయీ 1914లో మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు. వంశం ఆగిపోయింది గాని, చేసిన పని ఆగలేదు. అంటుకోని పెనాలకు పూసే టెఫ్లాన్, ఫ్రిజ్‌లలోని శీతలవాయువులు, అణు ఇంధనం, కంప్యూటర్ చిప్పులు, వీటన్నింటి తయారీలో ఎక్కడో ఒకచోట ఫ్లోరిన్‌కో, ఆ ఆమ్లానికో పని ఉన్నది.

ఈ ఆమ్లం శరీరంలో ఏం చేస్తుంది?

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. మొయిసాన్ గెలిచాడు గాని ఆ ఆమ్లం మారలేదు. అద్దాలపై పూలూ అక్షరాలూ చెక్కే చోట, స్టీలు సామాను శుభ్రం చేసే చోట, కొన్ని రకాల తుప్పు వదిలించే మందుల్లో, కాలేజీ ప్రయోగశాలల్లో నేటికీ అది కనపడుతుంది.

రసాయనశాస్త్ర పుస్తకం తెరిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని బలహీన ఆమ్లాల జాబితాలో రాసి ఉంటారు. ఇది చదివి మోసపోకూడదు. నీటిలో అది అయాన్లుగా పూర్తిగా విడిపోదు అనే అర్థంలోనే బలహీనం అన్నారు. నిజానికి ఆ గుణమే దాన్ని ప్రమాదకరం చేసింది. విడిపోని అణువు చర్మాన్ని పైపైన కాల్చి ఆగకుండా, సులువుగా దాటి లోపలి కండలోకి పోతుంది. అక్కడ ఫ్లోరైడ్‌గా మారి ఒంట్లోని కాల్షియంను పట్టుకుంటుంది. ఫ్లోర్‌స్పార్‌లో చూశామే, అదే పట్టు. కాల్షియం ఎముకలకే కాదు, నరాలకూ గుండె కొట్టుకోవడానికీ కావాలి. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె లయ తప్పి మనిషి చనిపోవచ్చు. గాఢమైన ఆమ్లం రెండు మూడు అరచేతులంత మేర పడినా ప్రాణం పోయిన సందర్భాలున్నాయి.

యాభై శాతానికి మించిన గాఢత ఉంటే వెంటనే మండుతుంది. ఇరవైనుండి యాభై శాతం మధ్య ఉంటే నొప్పి తెలియడానికి ఒకటినుండి ఎనిమిది గంటలు పడుతుంది. ఇరవై శాతంలోపు ఉంటే ఒక్కోసారి ఇరవైనాలుగు గంటలదాకా ఏమీ తెలియదు. పొద్దున చేతిమీద చుక్క పడుతుంది. నీళ్లే కదా అని లుంగీకి తుడుచుకుంటాడు. రాత్రి నిద్రలో వేలు పోటెత్తి లేస్తాడు. అప్పటికే ఆలస్యం అయిపోయి ఉంటుంది.

2012 సెప్టెంబరులో దక్షిణకొరియాలోని గుమీ పట్టణంలో ఒక కార్ఖానాలో ఈ ఆమ్లపు వాయువు లీకై ఐదుగురు చనిపోయారు. చుట్టుపక్కల పంటలు మాడిపోయాయి. మొయిసాన్ కాలం నుండి నూటపాతికేళ్లు గడిచినా అజాగ్రత్తకు ఇదే శిక్ష.

పాటించవలసిన జాగ్రత్తలు

ఈ ఆమ్లాన్ని గాజుసీసాలో పోయరాదు. పాలిథీన్ లేదా టెఫ్లాన్ సీసాలోనే ఉంచాలి, పైన పేరు స్పష్టంగా రాయాలి. విచిత్రం చూడండి, ఫ్లోరిన్‌తో పుట్టిన టెఫ్లానే ఫ్లోరిన్ ఆమ్లానికి కాపలా కాస్తున్నది. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ అల్మారాలోనే పనిచేయాలి. ఈ ఆమ్లాన్ని ఆపగలిగిన మందపాటి రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు, ముఖానికి అడ్డు, ఒంటికి ఏప్రన్ లేకుండా సీసా మూత తీయకూడదు. ఒంటరిగా ఎప్పుడూ పనిచేయకూడదు. కింద ఒలికితే ఇసుక చల్లకూడదు. ఇసుకలోని సిలికాతో కలిసి మరో విషవాయువు పుడుతుంది. తగిన రక్షణ వేసుకున్నవారు సున్నంగానీ సుద్దపొడిగానీ చల్లాలి. అక్కడ కూడా విరుగుడు కాల్షియమే!

చర్మానికి తగిలితే వెంటనే తడిసిన బట్టలు తీసేసి, ధారగా పారే నీటితో కడగాలి. కాల్షియం గ్లూకోనేట్ జెల్ దగ్గర ఉంటే ఐదు నిమిషాలు కడిగాక దాన్ని బాగా రుద్దుతూ పట్టించాలి. రుద్దేవారు తమ చేతికి తొడుగు వేసుకోవాలి. జెల్ లేకపోతే పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా కడుగుతూనే ఉండాలి. కంట్లో పడినా నీళ్లతో అలాగే కడగాలి. పీల్చినవారిని మంచిగాలిలోకి తేవాలి. పొరపాటున మింగినవారి చేత వాంతి చేయించకూడదు. ఏ సందర్భంలోనైనా నొప్పి లేకపోయినా సరే ఆస్పత్రికి తీసుకుపోవాలి. తగిలింది ఉత్త యాసిడ్ అని చెప్పి ఊరుకోకూడదు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమని డాక్టరుకు పేరుతో సహా చెప్పాలి. ఎందుకంటే దీని వైద్యం వేరు.

మొయిసాన్ తన గొట్టానికి బిరడాలు చేసినదీ కాల్షియం ఫ్లోరైడే. నేడు ఆ జెల్ చేసే పని కూడా ఫ్లోరైడ్‌ను కాల్షియంతో కట్టి, అదే పదార్థంగా మార్చడమే. ఒంట్లోని కాల్షియం పోకముందే బయటినుండి ఇవ్వడమే ఆ వైద్యం. దీనికి కావలసినది చిన్న ట్యూబు మందు, పక్కనే నీటికొళాయి. ఆమ్లం తెచ్చేముందే ఈ రెండూ ఉన్నాయా అని చూసుకోవాలి.

మన నేలలోనూ ఫ్లోరిన్

ఫ్లోరిన్ మనకు కొత్త చుట్టం కాదు. నీటిలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బును మనదేశంలో 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్గొండ పల్లెల్లో వంగిపోయిన కాళ్లు, బిగుసుకుపోయిన వెన్నెముకలు చూడనివారు లేరు. పటిక, సున్నం వేసి నీటిని శుద్ధిచేసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఆ నీటిలో ఉన్నది ఆమ్లం కాదు, కొద్దిపాటి లవణం. అయినా అది ఏళ్లతరబడి ఒంట్లో చేరి, ఎముకలోని కాల్షియంతో ముడిపడి అంత పని చేసింది. ఆమ్లం చేసేది గంటల్లో చేస్తుంది. తేడా అంతే.

చివరిమాట

మొయిసాన్ అందరికంటే ధైర్యవంతుడు కాబట్టి గెలిచాడని చెప్పలేము. లూయెట్‌కూ, నిక్లేకూ ధైర్యం తక్కువా? శత్రువు స్వభావం తెలుసుకొని, అది తినలేని పాత్రలో, అది ఆవిరి కాలేని చలిలో పనిచేశాడు. ఒంట్లో బాగాలేనప్పుడు ఆగాడు. తప్పిన ప్రయోగంలో తప్పు ఎక్కడుందో వెతికాడు. అందుకే గెలిచాడు.

మన ఇంటి పిల్లవాడు ఏ కార్ఖానాలోనో యాసిడ్ పనికి కుదిరాడంటే, జీతం ఎంత అని అడిగే ముందు అక్కడ వాడే యాసిడ్ పేరేమిటని అడుగుదాం. చేతికి తొడుగు ఇచ్చారా, ఆ జెల్ ఉందా అని అడుగుదాం. ఆ నాలుగు మాటలు అడగడానికి ఖర్చేమీ కాదు. అడగకపోతే మాత్రం పోయేది ఒక కుటుంబం ఆధారం.